గోరింక ఎర్రబడే వేళ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ‘శ’తోనూ ‘ష’తోనూ నాకు ఎప్పుడూ పేచీయే. నేను ఒక పేజీ రాసేలోపు వేరేవాళ్లు వంట చేసి, తిని, గిన్నెలు కూడా కడిగేసుకుంటారు. తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగా చదివితే పక్కన ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది నాకు.

నేను పనిచేసేది సర్వర్లు పెట్టే ఆఫీసులో. సర్వర్ అంటే పగలూ రాత్రీ ఆగకుండా నడిచే కంప్యూటరు. దానికి తెర ఉండదు, బీరువాలో అరల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి పెడతారు. దుకాణాలవి, బడులవి, ఆస్పత్రులవి వివరాలన్నీ వాటి కడుపులో ఉంటాయి. అవి ఉండే గది ఎప్పుడూ చలి. లోపల నిలబడితే తేనెపట్టు పక్కన నిలబడినట్టు హోరు. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న గది నాది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, గోడకి ఒక తెర. తెర మీద ఒక్కో సర్వరుకి ఒక్కో దీపం. ఒంట్లో బాగుంటే పచ్చ, నలతగా ఉంటే పసుపు, మంచం పడితే ఎరుపు. ఎర్రబడగానే ఇంజనీరుకి ఫోను చేసి చెప్పడం నా పని. అందుకే నన్ను దీపాలమ్మ అంటారు.

ఆ ఇంజనీరు మా ఆయన కూతురు.

నా కూతురు అని రాయబోయి ఆగాను. కన్నతల్లి పోయి, ఆ పిల్ల తన జడ తనే వేసుకోవడం నేర్చుకున్నాక నేను ఆ ఇంటికి వచ్చాను. వచ్చిన రోజే మా ఆడపడుచు నన్ను గుమ్మం దగ్గర ఆపి చెప్పింది, పిల్ల ఏమని పిలిచినా పలకమని, పిలవకపోతే మొహం మాడ్చుకోవద్దని. పిల్ల పిలవలేదు. అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు, వీధిలోవాళ్లని అన్నట్టు ఆంటీ అని కూడా అనలేదు. ఎవరినీ పిలవకుండా మాట్లాడే విద్య ఒకటి పట్టుకుంది. “పుస్తకాల సంచీ చిరిగింది” అని గోడతో చెప్పేది. నేను కుట్టి అక్కడే పెట్టేదాన్ని. ఒక్కరోజూ మర్యాద తప్పలేదు, ఒక్కరోజూ దగ్గరికి రాలేదు. నేనూ వెళ్లలేదు. కిటికీ మీద వాలిన పిట్టని చూస్తూ మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం కదా, అలా కూర్చుండిపోయాను. ఏళ్లు గడిచిపోయాయి.

మా ఆయన ఎలక్ట్రీషియను. ఈ ఆఫీసున్న బిల్డింగులోనే జనరేటరు చూసుకునేవాడు. ఇంట్లో మా ఇద్దరి మాటలూ ఆయన మీదుగానే సాగేవి. అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఉండగానే, “మీ అమ్మాయిని అన్నానికి లెమ్మనండి” అనేదాన్ని. “కాసేపు ఆగుతానని చెప్పు నాన్నా” అనేది అమ్మాయి. ఆయన నెత్తి కొట్టుకునేవాడు.

“నేను మనిషినా, స్విచ్చి బోర్డునా? నేను పోయానంటే ఈ ఇంట్లో కరెంటు ఉండదు.”

నవ్వు వచ్చేది మాకు. నవ్వడం మాత్రం ముగ్గురం కలిసే నవ్వేవాళ్లం.

ఆయన పోయాక ఆ నవ్వూ పోయింది. అమ్మాయి ఆఫీసుకి దగ్గరని చెప్పి వేరే గది తీసుకుంది. నాకు అంత ఇల్లు దేనికని నేనూ చిన్న గదికి మారాను. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. సామాన్లు పంచుకుంటున్నప్పుడు ఆయన టూల్సు డబ్బా అమ్మాయి పట్టుకెళ్లింది. ఆయన ఎక్కి పనిచేసే ఇనుప స్టూలు నా దగ్గర ఉండిపోయింది. నాకు అందని అరలు ఏమీ లేవు, అయినా దాన్ని మంచం పక్కన వేసుకుని దాని మీద మంచినీళ్ల గ్లాసు పెట్టుకునేదాన్ని.

కొన్నాళ్లకి అమ్మాయి మా గది గుమ్మంలో నిలబడి, తలుపు రెక్కతో చెప్పినట్టు చెప్పింది. “మా ఆఫీసులో సర్వర్ల గది తుడిచే పని ఉంది. తడిగుడ్డ వాడకూడదు, దుమ్ము మాత్రం ఉండకూడదు. ఓపికైన మనిషి కావాలంటున్నారు.” మర్నాడు వెళ్లి చేరాను. చలికి మా ఆయన స్వెట్టరు వేసుకుని తుడిచేదాన్ని. కొంతకాలానికి తెర చూసే కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రంగులు చూడటమే కదా, చూస్తారా అని మేనేజరు గారు అడిగారు. రంగులకి చదువెందుకు, చూస్తానన్నాను.

తీరా కూర్చున్నాక తెలిసింది, ఎర్రబడింది ఏదో చెప్పాలంటే దాని పేరు చదవాలి. పైనుంచి రెండోది, కిందనుంచి మూడోది అని చెప్పేదాన్ని. అమ్మాయి విసుక్కునేది కాదు కానీ, అవతల లెక్కపెట్టుకుంటున్న చప్పుడు నాకు వినపడేది. సిగ్గేసింది. మా వీధి చివర హాల్లో పెద్దవాళ్లకి చదువు చెబుతారని విని వెళ్లాను. పంతులమ్మకి నా వయసులో సగం కూడా ఉండదు. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది.

అప్పటివరకు తెర మీద సర్వర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా ఉండేవి. నాకు గుణింతాలు పట్టుబడుతున్న రోజుల్లో, ఒక సోమవారం వచ్చి చూస్తే పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. మన అక్షరాల్లో డేగ, కొంగ, పావురం, గోరింక, పిచ్చుక. డేగ వెంటనే చదివేశాను, ఒత్తులూ కొమ్ములూ లేవు కదా. పిచ్చుక దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. ఇలా ఎవరు మార్చారని మేనేజరు గారిని అడిగితే, ఇంజనీర్లకి ఊసుపోకపోతే ఇలాంటి పనులే చేస్తారన్నారు. ఆ ఆఫీసులో ఇంజనీరు అంటే అమ్మాయే. అమ్మాయిని నేను అడగలేదు.

ఇక గోరింక సంగతి. అది మూలనున్న సర్వరు. సాయంత్రం పొద్దు వాలే వేళ చల్లగాలి యంత్రాలు ఒకటి ఆగి ఇంకొకటి అందుకుంటాయి. ఆ కాసేపు మూలకి గాలి తిరగదు. గోరింక వేడెక్కి ఎర్రబడుతుంది, ఇంతలోనే తనంతట తనే చల్లబడి పచ్చబడుతుంది. మొదటిసారి నేను హడావుడిగా ఫోను చేస్తే అమ్మాయి నిదానంగా చెప్పింది.

“దానికేం కాలేదు. కాసేపటికి అదే చల్లబడుతుంది.” కాస్త ఆగి, “అయినా ఎర్రబడితే చెప్పండి” అంది.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం చెబుతున్నాను. ఆ వేళకి అమ్మాయి ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. ఫోను తియ్యగానే “ఏది?” అంటుంది. గోరింక అంటాను. “సరే. ఇంకా?” అంటుంది. ఇంకేం లేదంటాను. “సరే” అని పెట్టేస్తుంది.

ఇంతే మా మాటలు. కానీ ఆ “ఇంకా?” కోసం పొద్దుటినుంచీ ఏవేవో పోగుచేసుకునేదాన్ని. మెట్ల దగ్గర పిల్లి ఈనిందని చెబుదామా, పిచ్చుక చదవడం వచ్చేసిందని చెబుదామా అనుకునేదాన్ని. తీరా ఆ మాట వినపడ్డాక ఇంకేం లేదనేదాన్ని. ఫోను పెట్టేసి, గోరింక పచ్చబడేదాకా చూసి, స్వెట్టరు విప్పి సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్లేదాన్ని. ఆ తరవాత మర్నాడు ఆఫీసుకి వచ్చేవరకూ నా పేరు పెట్టి గానీ, పెట్టకుండా గానీ నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు.

ఈ ఏడు మొదట్లో మేనేజరు గారు నా గదికి వచ్చి తెర వంక జాలిగా చూశారు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉంటారు. నిలబడి మాట్లాడితే గొడుగు మాట్లాడినట్టు ఉంటుంది. ఈ దీపాలు చూపించే పాత సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్లు చేతులెత్తేశారట, ఇక బాగుచెయ్యరట. పైగా సర్వర్లు పెరిగాయి, ఇంకో గది కూడా నిండింది. కాబట్టి కొత్తది కొనాలి. మూడింటిని తెచ్చి మూడు తెరల మీద కొన్ని వారాలు పక్కపక్కన నడిపి చూస్తారట. ఏది తీసుకోవాలో అమ్మాయి తేలుస్తుంది. చూడటానికి ఏది వీలుగా ఉందో నేను చెప్పాలి.

“మీరు కూర్చుంటే దీపాలు భయపడి పచ్చగా ఉంటాయి దీపాలమ్మా. మీకు నచ్చనిది తెచ్చి ఎవరు బతుకుతారు?” అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. కొత్తవాటిలో కొన్ని, సర్వరు పడిపోతే తామే ఇంజనీరుకి ఫోను చేస్తాయట. అలాంటిది వస్తే తెర ముందు మనిషి కూర్చోనక్కర్లేదు. “మీరు బెంగపెట్టుకోకండి, కేబుళ్ల స్టోరు మీకు అప్పజెబుతాను. జీతంలో తేడా ఉండదు” అన్నారు. మంచి మనిషి. నా బెంగ జీతం గురించి కాదని ఆయనకెలా తెలుస్తుంది. సాయంత్రం గోరింక ఎర్రబడితే అమ్మాయికి చెప్పేది ఇక నేను కాదు. నాకు తట్టింది అదొక్కటే.

మూడు తెరలు పెట్టడానికి అమ్మాయి నా గదికి వచ్చింది. నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు వాళ్ల నాన్నవే, వైరు పట్టుకుంటే ఒకసారి వేళ్ల మధ్య దొర్లించి చూసుకునే అలవాటుతో సహా. తెరల వంకే చూస్తూ నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

“ఇది అడిగే రకం. ప్రతి సర్వరునీ నిమిషానికోసారి ఉన్నావా అని అడుగుతుంది. ఉన్నాను అంటే పచ్చ. పలకకపోతే వెంటనే కంగారుపడదు, ఏ పనిలో ఉందో అని మళ్లీ అడుగుతుంది. మూడుసార్లు అడిగినా పలకకపోతే అప్పుడు ఎరుపు. అప్పుడు నాకు ఫోను చేస్తుంది.”

“మరి ఇది?”

“ఇది అడగదు. సర్వరే తన బాగోగులు చెప్పుకోవాలి. చెప్పింది చూపిస్తుంది, ఫోను చెయ్యదు. మనిషి చూసి చెప్పాలి.”

మూడోదాని సంగతి ఆ పూటే తేలిపోయింది. అది గీతలది. తెరనిండా కొండలూ లోయలూ గీస్తుంది. చూడముచ్చటగానే ఉంది కానీ, పక్షుల పేర్లున్న చోట వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. దానికి మన అక్షరాలు రావట. నేను అన్నాళ్లు పలక అరగదీసి నేర్చుకున్న పిచ్చుక ఖాళీ చదరాలైపోయింది. దాన్ని అమ్మడానికి వచ్చిన టై కట్టుకున్న అబ్బాయి, అదెంత పని మేడం, పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుంటే సరి అన్నాడు. అమ్మాయి, “పేర్లు మారవు. మీది తీసెయ్యండి” అంది. అంత కటువుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మిగిలినవి రెండు. చెప్పించుకునే రకం నాకు నచ్చింది. అది చాలా నెమ్మదైనది, రోజంతా పచ్చగా ప్రశాంతంగా ఉండేది. దాని తరఫున వచ్చినాయన, మా సాఫ్ట్‌వేర్ ఎవరినీ విసిగించదమ్మా, అడిగిందే అడగదు అన్నాడు. మేనేజరు గారు వెంటనే, మా ఇంటికి కూడా ఒకటి పంపిస్తారా అన్నారు. అందరం నవ్వాం. కానీ నాకు నచ్చింది నెమ్మది కాదు. అది ఫోను చెయ్యదు, మనిషి చెయ్యాలి. అందుకు నచ్చింది.

అడిగే రకాన్ని మాత్రం నేను సరిగా చూడలేకపోయాను. పరీక్ష కోసం అమ్మాయి దాన్ని తన ఫోనుకి మాట్లాడించింది. ఒక ఆడగొంతు. వయసు తెలియని గొంతు. “గోరింక వేడిగా ఉంది” అంది, తడబాటు లేకుండా, ఒత్తులు ఎక్కడ పెట్టాలో పుట్టినప్పటినుంచి తెలిసినదానిలా. ఆ గొంతు మీద నాకు సవతి మీద వచ్చినంత కోపం వచ్చింది. రెండో పెళ్లిదాన్ని, నాకు సవతి మీద కోపమేమిటని మళ్లీ నాకే నవ్వొచ్చింది.

ఆ వారాల్లో మేనేజరు గారు ఎప్పుడడిగినా, నెమ్మదైనదే బాగుంది సార్, కళ్లకి హాయిగా ఉంది అనేదాన్ని. అమ్మాయి వింటూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం చల్లగాలి యంత్రం బాగుచేసే మెకానిక్ వచ్చాడు. లోపల వంగి పనిచేసుకుంటున్నాడు, నేను బల్ల దగ్గర పక్షుల పేర్లు కాగితం మీద రాసుకుంటున్నాను. నా ఎదుట నెమ్మదైన తెర అంతా పచ్చగా ఉంది. ఇంతలో మెట్ల మీద దడదడమని చప్పుడు. అమ్మాయి పైఅంతస్తు నుంచి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, నన్ను దాటుకుని సర్వర్ల గదిలోకి వెళ్లిపోయింది. మెకానిక్ మోచెయ్యి తగిలి పిచ్చుక వైరు ఊడిపోయిందట. అడిగే రకం మూడుసార్లు అడిగి, జవాబు రాక, అమ్మాయికి ఫోను చేసింది. దాని తెర నా వెనక గోడకి ఉంది. అటు చూడటం నాకు ఇష్టం లేక నేనే కుర్చీ ఇటు తిప్పుకున్నాను.

వైరు పెట్టేశాక అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. రొప్పుతోంది. నా ముందున్న తెర మీద పిచ్చుక దీపం ఇప్పుడే కాదు, ఆగిపోయి ఉన్నంతసేపూ పచ్చగానే ఉంది. నేను కళ్లారా చూశాను.

“ఇది ఎర్రబడలేదే?” అన్నాను.

“చెప్పాల్సింది పిచ్చుకే కదా. అది ఆగిపోయాక ఎలా చెబుతుంది? చివరిసారి చెప్పినప్పుడు బాగున్నానంది. దీనికి తెలిసింది అదే. అదే చూపిస్తోంది.”

“ఎంతకాలం చూపిస్తుంది అలా?”

“ఎవరూ వెళ్లి చూడకపోతే, ఎంతకాలమైనా.”

చెప్పని సర్వర్లని కనిపెట్టే ఏర్పాటు దానిలో లేకపోలేదట, దాన్ని విడిగా కొనుక్కోవాలట. తరవాత దాన్ని అమ్మే ఆయన చెప్పాడు. ఆ పూట మాత్రం అమ్మాయి నా కాగితం మీద నేను రాసిన పేర్లు చూసి, చ కింద ఉన్న నా ఒత్తు వంకరగా ఉంటే వేలితో అక్కడ మెల్లగా తట్టి వెళ్లిపోయింది.

తేల్చే రోజు మేనేజరు గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన అలవాటుగా నన్నే ముందు అడిగారు. మీ నెమ్మదైనదే కదా దీపాలమ్మా అన్నారు. నా చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. అవునన్నా ఎవరూ నన్ను తప్పు పట్టరు. ముసలిదాని కళ్లకి అదే హాయి అనుకుంటారు. అమ్మాయి కాదని తోసేసినా, ఆ ఏర్పాటేదో విడిగా కొని, మనిషిని కూర్చోబెట్టి నడిపించడానికి మేనేజరు గారు సిద్ధంగానే ఉన్నారు, అది చవక కూడా. కానీ పిచ్చుక ఆగిపోయి ఉండగా, దాని పచ్చదీపం ఎదుట నేను తీరిగ్గా కూర్చుని పిచ్చుక అని అందంగా రాసుకోవడం నా కళ్ల ముందు మెదిలింది.

“అడిగేదే తీసుకోండి సార్” అన్నాను.

“మరి కళ్లకి హాయి?”

“హాయిగానే ఉంటుంది సార్. అందుకే వద్దు.”

ఆయనకి అర్థం కాకపోయినా తలూపారు. అమ్మాయి తల ఎత్తి నా వైపు చూసింది. నా వైపే, గోడవైపు కాదు. ఆ తరవాత ఆయన కాగితాలు సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అమ్మాయితో అన్నారు.

“ఆ గోరింక దొంగ ఎరుపు మాత్రం కొత్తదాంట్లోకి తేకమ్మా. వేడి హద్దు కాస్త పెంచితే పోయేది కదా, చిటికెలో పని. మిగతా దొంగ ఎరుపులన్నీ ఎప్పుడో తీసేశావు. ఇన్నేళ్లూ అదొక్కటీ ఎందుకు ఉంచావు?”

అమ్మాయి కాసేపు బల్ల అంచు గోటితో గీకింది.

“ఉండనిచ్చాను” అంది.

అంతకుమించి ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. కేబుళ్ల స్టోరు తాళంచెవి ఇస్తే తీసుకుని, లేచి వచ్చేశాను.

కొత్తది వచ్చింది. బాగా పనిచేస్తోంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. డేగ ఒకసారి నలతపడితే దాన్ని పసిగట్టి, అమ్మాయికి చెప్పింది, నేను చూసేలోపు డేగ పచ్చబడిపోయింది. నేను పగలంతా స్టోరులో వైర్లు చుట్టి, చీటీలు అతికించి, సాయంత్రం పాత గదిలో కాసేపు కూర్చునేదాన్ని. కూర్చోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. పొద్దు వాలేది. చల్లగాలి యంత్రాలు ఒకటి ఆగి ఇంకొకటి అందుకునే చప్పుడు గోడలోంచి వినపడేది. గోరింక పచ్చగా ఉండేది. స్వెట్టరు విప్పి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయేదాన్ని. గదికి వెళ్లాక గ్లాసుతో నీళ్లు తాగి, స్టూలు మీద పెట్టి, ఆ గ్లాసు చప్పుడే ఆ రోజుకి చివరి చప్పుడు అనుకుని పడుకునేదాన్ని.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారు మీరు. కారణం లేకుండా మాట్లాడుకునే అలవాటు మాకు పడలేదు. ఆయన బతికున్నన్నాళ్లు ఆయనే కారణం, తరవాత గోరింక. ఏం చెప్పడానికి చెయ్యను?

అలా చాలా సాయంత్రాలు పోయాయి. ఒకనాడు గోరింక పచ్చగా ఉండటం చూస్తూ చూస్తూ, నేను ఫోను అందుకున్నాను. వేళ్లు వాటంతట అవే అంకెలు నొక్కాయి.

“ఏది?” అంది అమ్మాయి. కంగారు వినపడింది, కొత్తది చెప్పకముందే నా ఫోను వచ్చిందని కాబోలు.

“ఏదీ కాదు. అన్నీ పచ్చగానే ఉన్నాయి.”

“మరి?”

“నువ్వెలా ఉన్నావో అడుగుదామని.”

“బాగానే ఉన్నాను” అంది.

గబుక్కున వచ్చింది ఆ మాట. ఇదివరకైతే సరే అని పెట్టేసేదాన్ని. ఫోను అటుచెవి నుంచి ఇటుచెవికి మార్చుకున్నాను.

“తిన్నావా?”

“తిన్నాను.”

అదీ గబుక్కునే వచ్చింది. పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు. గోడలో యంత్రం ఆగింది, ఇంకొకటి అందుకుంది. నేను మళ్లీ అడిగాను, మొదటి మాటే.

“ఎలా ఉన్నావు?”

ఈసారి ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

“గదిలో లైటు వెలగడం లేదు. మొన్నటి నుంచి. హోల్డరు కాలిపోయింది.”

“చీకట్లో ఉంటున్నావా?”

“ఫోను వెలుతురుంది. హోల్డరు కొన్నాను. మార్చడం వచ్చు, నాన్న చిన్నప్పుడే నేర్పాడు. డబ్బా తెరిచాను. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. బుద్ధి పుట్టలేదు, మూసేశాను. పైగా అందదు కూడా. మంచం మీద కుర్చీ వేస్తే ఊగుతోంది.”

అన్ని మాటలు ఒక్కసారి ఆ అమ్మాయి నోట వినడం నాకు అదే మొదలు.

“ఆయన స్టూలు నా దగ్గరుంది కదా. తెస్తాను” అన్నాను.

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఇంటికి వెళ్లి పట్టుకొస్తాను.”

వద్దంటుందని చూశాను. అనలేదు. నేను ఫోను పెట్టబోతుంటే అంది.

“మా మెట్ల మీద కూడా లైటు లేదు. చూసుకుని ఎక్కు, పిన్నీ.”

నేను జవాబు చెప్పానో లేదో నాకు గుర్తులేదు. స్వెట్టరు విప్పడం మరిచిపోయి ఉక్కలో అలాగే ఇంటికి నడిచాను.

ఇనుప స్టూలు ఎత్తుకుని బస్సెక్కితే అందరూ నా వంకే చూశారు. కండక్టరు, “సీటు మీరే తెచ్చుకున్నారా అవ్వా” అన్నాడు. దాని మీదే కూర్చుని వెళ్లాను. అమ్మాయి గదిలో నేను టార్చి పట్టుకున్నాను, అమ్మాయి స్టూలెక్కి హోల్డరు బిగించింది. స్క్రూ ఒకటి కిందపడితే ఇద్దరం నేల మీద వెతికాం. లైటు వెలిగాక గది కనిపించింది. తినని అన్నం గిన్నె కనిపించింది, మూత లేకుండా. తిన్నానన్నావే అని నేను అనలేదు. అమ్మాయి కూడా అది చూసి మూత పెట్టింది. ఎక్కువ మాట్లాడుకోలేదు. మాకు చేతకాదు. చివరి బస్సుకి ముందే నా గదికి నేను వచ్చేశాను, తాళం నేనే తీసుకున్నాను. స్టూలు అక్కడే వదిలేశాను కాబట్టి గ్లాసు నేల మీద పెట్టుకున్నాను.

ఇప్పుడు కొన్ని సాయంత్రాలు నేను ఫోను చేస్తాను, కొన్ని సాయంత్రాలు తను చేస్తుంది. కొన్నిసార్లు ఎవరూ చెయ్యం, అప్పుడు నాకు మనసు ఊరుకోదు. మొన్న తనే చేసి, నేనెలా ఉన్నానని అడిగింది. బాగానే ఉన్నానన్నాను, గబుక్కున. అమ్మాయి కాసేపు ఆగి, మళ్లీ అడిగింది. నేను పిల్లి ఈనిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆ పిల్లి పిల్లలు కూడా ఇప్పుడు పెద్దవైపోయాయి.

ఇది రాసింది నేనే, ఎవరి సాయమూ లేకుండా. ఆఫీసులో దీపాలమ్మ అంటారు, ఒకరు మాత్రం పిన్ని అంటారు. అరవై మూడు నిండాయి. మూడో అంతస్తులో, మెట్లకి ఆనుకుని ఉన్న ఒంటిగదిలో ఉంటున్నాను. తలుపు కొడితే వినపడుతుంది.